పర్లాకిమిడి నుంచి ముఖలింగం: గంగరాజుల కొలువుని రాళ్ల మీద చదువుకోవడం ఎలా

ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు వాళ్లకి శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం అంటే శివరాత్రి, చక్రతీర్థ స్నానం, వంశధారలో మునక, దర్శనం, అక్కడితో అయిపోతుంది. ఏటా జనం జనంగా వెళ్తాం, ఒడియా వాళ్లూ మనతోపాటే వస్తారు. కానీ అదే ఊరు కళింగనగరం అనే పేరుతో తూర్పు గంగరాజులకి కొన్ని వందల ఏళ్లు రాజధాని అని, పూరీ జగన్నాథుడి గుడి తలపెట్టిన చోడగంగదేవుడు గద్దెనెక్కిన రోజుల్లో రాజ్యం నడిచింది ఇక్కడి నుంచేనని, ఆ కొలువులో ఉన్నవాళ్లు దేవుడికి ఏమేం ఇచ్చారో గుడిలో రాళ్ల మీద తెలుగులో ఇంకా రాసే ఉందని మన పిల్లలకి ఎవరూ చెప్పట్లేదు. అందుకే ఇది రాస్తున్నా, ఒక్క రోజు పెట్టుకుని ఆ కొలువుని ఎలా చూడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ముందు ఇంట్లో ఏం నేర్చుకుని వెళ్లాలి అన్నది.

ముందుగా ఒక మాట, అక్కడ కోట కోసం వెతక్కండి. రాజమహల్ గోడలు, సింహాసనం మండపం, ఏనుగుల శాల, ఇలాంటివేవీ నిలబడి లేవు. ఆ రోజుల్లో రాజులు తమ ఇళ్లు ఎక్కువగా కర్రతో ఇటుకతో మట్టితో కట్టుకునేవాళ్లు, రాయి మాత్రం దేవుడికే. అందుకే నగరం నేలలో కలిసిపోయింది, గుళ్లు మిగిలాయి. పక్కనే నగరికటకం అని ఒక పల్లె ఉంది, ఆ పేరులోనే పాత రాజధాని ఉంది, వెళ్లే దారిలో ఆ బోర్డు కనబడితే ఒకసారి ఆగండి. మిగతా కొలువంతా, అంటే రాణులు, సేనాపతులు, సంధివిగ్రహులు (పొరుగు రాజులతో సంధి, యుద్ధం చూసే మంత్రులు), లెంకలు (రాజు బంట్లు), వర్తకులు, గుడిలో ఆడి పాడిన సానులు, వీళ్లందరినీ మనం కలిసేది శాసనాల్లోనే. కాబట్టి ఇది చూసే టూర్ కాదు, చదివే టూర్ అనుకుని బయల్దేరండి.

వెళ్లే ముందు కథ కొంచెం తెలిసుండాలి, లేకపోతే రాళ్లు రాళ్లలాగే కనిపిస్తాయి. చోడగంగదేవుడి రాగిరేకుల్లో, అంటే కోర్ని లాంటి చోట్ల దొరికిన దానపత్రాల్లో, ఆ వంశం వాళ్లు తమ కథ తామే చెప్పుకున్నారు. కామార్ణవుడు అనే మూలపురుషుడు దక్షిణాన కోలాహలపురం నుంచి తమ్ముళ్లతో వచ్చాడట, మహేంద్రగిరి ఎక్కి గోకర్ణేశ్వరుడిని కొలిచాడట, అక్కడి శబర రాజుని ఓడించి కళింగం పట్టాడట. తర్వాత ఇంకో కామార్ణవుడు నగరం అనే చోట రాజధాని పెట్టి, ఇప్పచెట్టులోంచి వెలిసిన శివుడికి గుడి కట్టించి మధుకేశుడని పేరు పెట్టాడట. ఇప్పచెట్టుకి సంస్కృతంలో మధుకం కదా, మన ముఖలింగంలో మూలస్వామి మధుకేశ్వరుడు ఆయనే. వంశం చెప్పుకున్న కథలో ఎంత జరిగింది ఎంత కల్పన అన్నది పండితులు చూసుకుంటారు, మనకి కావాల్సింది ఏంటంటే తొమ్మిది వందల ఏళ్ల కిందట ఆ కొలువు తన గురించి ఇలా చెప్పుకోవాలనుకుంది, కొండ మీద కులదైవం, నది ఒడ్డున రాజధాని, రెండిటి మధ్య శబరులు.

ఊళ్లో చెప్పే స్థలపురాణంలోనూ శబరులే ఉంటారు. శాపం వల్ల శబరులుగా పుట్టిన గంధర్వులు, వాళ్ల నాయకుడికి ఇద్దరు భార్యలు, ఇంటి ముందు ఇప్పచెట్టు, చెరో కొమ్మ పువ్వులు ఏరుకునేవాళ్లు, ఒకావిడ కొమ్మ పువ్వులు బంగారం అయిపోతుంటే గొడవ మొదలైంది, నాయకుడు చెట్టు నరకబోతే శివుడు ముఖంతో కనిపించాడు. మా జిల్లాలో సవర వాళ్లు, అంటే ఆ శబరులే, ఎంతమంది ఉన్నారో, ఇప్పపువ్వు వాళ్ల జీవితంలో ఎంత ఉందో తెలిసిన వాళ్లకి ఈ కథ ఎక్కడిదో చెప్పక్కర్లేదు. కొండ కింద రాజులు కొండ మీది దేవుడిని తమ దేవుడిగా చేసుకున్న చోటు ఇది, దర్శనం చేసేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

ఇక రాజుల లెక్క. గంగరాజులకి సొంత శకం ఉంది, సుమారు క్రీ.శ. 498 నుంచి మొదలు. పాత రాగిరేకుల్లో ఆ సంవత్సరాలే ఉంటాయి, అందుకని వాటికి దాదాపు 498 కలుపుకోవాలి. మీకు ముఖలింగంలో ఎక్కువగా కావాల్సింది ఇక్కడి నుంచి ఏలినవాళ్లలో చివరి ముగ్గురు. అనంతవర్మ వజ్రహస్తుడు 1038లో పట్టాభిషిక్తుడయ్యాడు, ఆయన కొడుకు దేవేంద్రవర్మ రాజరాజు 1070 నుంచి, ఆయన చోళరాజు కూతురు రాజసుందరిని చేసుకున్నాడు, వాళ్ల కొడుకే అనంతవర్మ చోడగంగదేవుడు, 1078లో గద్దె మీద కూర్చోబెట్టినప్పుడు చిన్నపిల్లాడు, దాదాపు డెబ్భై ఏళ్లు ఏలాడు. ఉత్కళం గెలిచాక రాజ్యం గోదావరి వైపు నుంచి గంగ వైపు దాకా సాగింది, ఇక్కడ మూలన కూర్చుని ఏలడం కుదరదు, రాజధాని కటకానికి, అంటే ఇప్పటి కటక్‌కి పోయింది. ముఖలింగంలో దీపాలు ఆరలేదు గానీ కొలువు లేచిపోయింది. మన ఊళ్లో చాలామంది గంగరాజులు ఒడియా వాళ్లా తెలుగు వాళ్లా అని వాదించుకుంటారు, నాకు ఆ వాదన మీద ఇష్టం లేదు, రాళ్లు చూస్తే సంస్కృతం ఉంది, తెలుగు ఉంది, పూరీ వైపు వెళ్తే ఒడియా ఉంది, వాళ్లు అన్నిట్లోనూ రాయించారు, మనం అన్నిట్లోనూ చదువుకుంటే సరిపోతుంది.

ఈ ఊరే కళింగనగరం అని గట్టిగా వాదించి చెప్పిన వాళ్లలో ముందువరసలో ఉన్నది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోకుండా పాత లిపులు తనంతట తనే కూడబలుక్కుని ఈ శాసనాలు చదివారు. వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల్ని ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రికలో ప్రచురించింది ఆయనే. వాడుకభాష కోసం పోరాడిన మనిషిగానూ, సవర భాషకి నిఘంటువు రాసిన మనిషిగానూ అందరికీ తెలుసు, శాసనాల పని మాత్రం ఆయన పేరు చెప్పేటప్పుడు ఎవరూ ఎత్తరు, నాకైతే అదే అన్నిటికంటే పెద్ద ధైర్యం ఇచ్చింది, ఒక స్కూలు మాస్టారు సొంతంగా నేర్చుకోగలిగితే మనం కనీసం తేదీ చదవడం నేర్చుకోలేమా.

సరే, ఇంట్లో చేసుకోవాల్సిన పని. ఒక వారం రోజూ పావుగంట చాలు.

మొదటిది తెలుగు అంకెలు. ౧ ౨ ౩ ౪ ౫ ౬ ౭ ౮ ౯ ౦. మన తరంలోనే సగం మంది మర్చిపోయారు, పిల్లలకైతే అసలు రావు. ఇవి వస్తే శాసనంలో సంవత్సరం పట్టుకునే ఛాన్స్ బాగా పెరుగుతుంది, పాత రూపాలు ఇప్పటివాటికి కొంచెం తేడాగా ఉంటాయి, అయినా పోలిక దొరుకుతుంది. రెండోది శకం లెక్క. శకవర్షానికి 78 కలిపితే మన ఇంగ్లిష్ సంవత్సరం. అయితే శకసంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కాబట్టి పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా ఉన్న తేదీలకి 79 కలపాలి. దీనికి చక్కని ఉదాహరణ చోడగంగదేవుడి పట్టాభిషేకమే, శకం 999, సూర్యుడు కుంభంలో ఉండగా అని రాశారు, అంటే మాఘ ఫాల్గుణాలు, అందుకే 1077 కాకుండా 1078 ఫిబ్రవరి అయింది.

మూడోది మాటల్లో అంకెలు. ఇది నేర్చుకుంటే పిల్లలు వదలరు, పజిల్ లాగా ఉంటది. సంస్కృత శ్లోకాల్లో సంవత్సరాన్ని అంకెలతో కాకుండా మాటలతో రాసేవాళ్లు. ఆకాశం అంటే సున్నా, చంద్రుడు 1, కళ్లు 2, అగ్ని 3, వేదాలు 4, బాణాలు 5, ఋతువులు 6, కొండలు గానీ మునులు గానీ 7, వసువులు 8, నిధులు, గ్రహాలు, రంధ్రాలు, నందులు ఇవన్నీ 9. చదివేటప్పుడు వెనక నుంచి ముందుకి చదవాలి. వజ్రహస్తుడి పట్టాభిషేకం వియత్, ఋతు, నిధి అని ఉంటుంది, అంటే 0, 6, 9, తిప్పితే 960, దానికి 78 కలిపితే 1038. చోడగంగదేవుడిది నంద, రంధ్ర, గ్రహ, మూడూ తొమ్మిదులే, ఎటు తిప్పినా 999. ఇంట్లో కాగితం మీద ఒక్కసారి చేసి చూపిస్తే ఎనిమిదో క్లాసు పిల్లలు కూడా మిగతావి వాళ్లే చేసేస్తారు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ముఖలింగం శాసనాలు వందకి పైగా 1925లో వచ్చిన సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ అయిదో సంపుటంలో అచ్చయ్యాయి. అందులో తెలుగు శాసనాలు తెలుగు అక్షరాల్లోనే వేశారు, అంటే ఇంగ్లిష్ రాకపోయినా చదువుకోవచ్చు. స్కాన్ కాపీ నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. పీడీఎఫ్ పెద్దది, వైఫై ఉన్నచోట దించుకుని ముఖలింగం పేజీలు మాత్రం వేరుగా తీసి ఫోన్లో పెట్టుకోండి, వీలైతే పది పేజీలు ప్రింట్ తీయించండి, ఎండలో ఫోన్ స్క్రీన్ కనబడదు. ఒక్కో శాసనం పైన అది గుడిలో ఎక్కడుందో కూడా ఒక ముక్క రాసి ఉంటుంది, దాన్ని పట్టుకుని రాయి దగ్గరికి వెళ్తే, పుస్తకంలో అచ్చు, ఎదురుగా రాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చుకోవచ్చు. లిపి నేర్చుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం నాకు తెలీదు.

ప్రయాణం పెద్ద విషయం కాదు. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అక్కడ టిఫిన్ చేసేసి వంశధార వెంబడి కిందికి దిగితే ముఖలింగం, ముప్పై అయిదు కిలోమీటర్లకి అటూ ఇటూ. వంశధార దాటక్కర్లేదు, గుడి మనవైపు గట్టునే ఉంది. సొంత బండి ఉంటే మంచిది, బస్సు అయితే పాతపట్నం స్టాండులో అడిగి రెండు బస్సులు మారడానికి రెడీ అయి వెళ్లండి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే చుట్టాలుంటే వాళ్లని జలుమూరు మీదుగా రమ్మనండి. ఊరు చిన్నది, భోజనం హోటళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు, నీళ్లు, తినడానికి ఏదో ఒకటి పట్టుకెళ్లండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. శాసనాలు చదవాలనుకుంటే శివరాత్రి రోజుల్లో వెళ్లొద్దు, ఆ రోజుల్లో దేవుడి కోసం వెళ్లండి, చదువు కోసం మామూలు పనిరోజు పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం గర్భగుడి తలుపులు వేస్తారు, దర్శనం ముందు చేసేసుకోండి.

మూడు గుళ్లున్నాయి, సోమేశ్వరుడు, మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నేనైతే సోమేశ్వరుడితో మొదలుపెట్టమంటాను. ఊరి మొదట్లో ఒంటరిగా నిలబడి ఉంటుంది, ముందు మండపం లేదు, ఒక్క శిఖరం, నిటారుగా. కళింగ పద్ధతి గుడి ఎలా ఉంటుందో అడ్డం ఏమీ లేకుండా కనబడేది ఇక్కడే. ఒడియా వాళ్లు దీన్ని రేఖా దేఉళ అంటారు, కింద నిలువు గోడ బాడ, పైన వంపు తిరిగే భాగం గండి, తల మీద ఉసిరికాయ ఆకారంలో ఆమలకం. మన దక్షిణాది గోపురాలు అంతస్తులుగా పోతాయి, ఇది గీత గీసినట్టు ఒకే ఊపులో పైకి పోతుంది. భువనేశ్వరం చూసినవాళ్లకి వెంటనే పోలిక తెలుస్తుంది, చూడని పిల్లలకి ఇక్కడ చెప్పి తర్వాత భువనేశ్వరం తీసుకెళ్తే ఇంకా బాగుంటుంది.

గుమ్మం దగ్గర ఆగండి. కళింగ గుళ్లలో గుమ్మం చదవడానికి ఒక పద్ధతుంది. కింద అటూ ఇటూ ద్వారపాలకులు, కొన్నిచోట్ల నదీదేవతలు, గంగ మొసలి మీద యమున తాబేలు మీద, నిలువు చట్రం నిండా లతలు, లతల మధ్య చిన్న చిన్న మనుషులు, అడ్డపట్టీ మధ్యలో గజలక్ష్మి, ఆ పైన రాతిపలక మీద గ్రహాలు వరసగా కూర్చుని ఉంటారు. ఆ గ్రహాల్ని లెక్కపెట్టడం పిల్లలకి అప్పజెప్పండి, భువనేశ్వరం వైపు పాత గుళ్లలో ఎనిమిదే ఉంటాయి, కేతువు తర్వాత కాలంలో చేరాడు, అందుకని గుడి వయసు అంచనా వేసేవాళ్లు ఈ లెక్క చూస్తారు. తర్వాత చుట్టూ ప్రదక్షిణంగా తిరుగుతూ మూడు వైపుల గూళ్లు చూడండి, శివుడి గుళ్లలో మామూలుగా వినాయకుడు, కార్తికేయుడు, అమ్మవారు ఉంటారు. మూలల్లో దిక్పాలకులు, వాహనాన్ని బట్టి పేరు చెప్పొచ్చు, ఏనుగు ఇంద్రుడు, పొట్టేలు అగ్ని, దున్న యముడు, మొసలి వరుణుడు. చేతిలో కర్ర పట్టుకుని చుట్టూ శిష్యులతో కూర్చున్న యోగి కనబడితే ఆయన లకులీశుడు, పాశుపతుల గురువు. ముఖలింగం గుళ్లలో ఆయన బొమ్మలున్నాయి, అంటే గంగరాజుల కొలువులో శైవ గురువుల మాటకి ఎంత బరువుందో అక్కడ తెలుస్తుంది.

సోమేశ్వరుడి దగ్గర ఒక గంట గడిపి మధుకేశ్వరుడికి రండి. ముందు దర్శనం. ముఖలింగేశ్వరుడిని చూసుకుని, వెనక ఉన్న పెద్ద మట్టి గోలెం చూడండి, సంతానం లేని కుమ్మరి మొక్కుకుని, కొడుకు పుట్టాక చేసిచ్చాడని చెప్తారు, అది గుమ్మంలో పట్టనంత పెద్దది, స్వామే లోపలికి తీసుకున్నాడని భక్తుల నమ్మకం. రాజులిచ్చిన మాన్యాలన్నీ పోయాక కూడా కుమ్మరి ఇచ్చిన మట్టి గోలెం గర్భగుడిలో ఉందంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది. వారాహి అమ్మవారిని దర్శించుకోండి. ఆవరణలో చిన్న గుళ్లు, లింగాలు చుట్టూ ఉన్నాయి, తొందరపడకుండా ఒక్కోటీ చూడండి.

ఇప్పుడు అసలు పని. స్తంభాలు, గోడలు, గుమ్మం పక్క రాళ్లు, ఎక్కడ అక్షరాలు వరసలుగా కనబడితే అక్కడ ఆగండి. మొత్తం చదవాలని కూర్చోవద్దు, ఫలానా ముక్కలు వెతకండి. ముందు "స్వస్తి శ్రీ" దొరుకుతుంది, శ్రీ అక్షరం పెద్దగా గుండ్రంగా ఉండి అందరికంటే ముందు కంటపడుతుంది. తర్వాత "శకవర్షంబులు" అని, దాని పక్కన సంవత్సరం. తర్వాత రాజు పేరు, అనంతవర్మదేవర అని ఉంటే వెంటనే చోడగంగదేవుడు అనుకోకండి, వజ్రహస్తుడిదీ అదే బిరుదు, ఆ వంశంలో అనంతవర్మ దేవేంద్రవర్మ అనే బిరుదులు మార్చి మార్చి పెట్టుకునేవాళ్లు, కాబట్టి సంవత్సరంతో సరిచూడాలి. తర్వాత "ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సర" అని, ఏలుబడిలో ఎన్నో ఏడో, దాని వెంట "శ్రాహి" అనే మాట. ఈ శ్రాహి అన్నది కళింగం శాసనాల గుర్తు, ఇది కనబడిందంటే మీరు గంగరాజుల లెక్కలోకి దిగినట్టే. తర్వాత సందర్భం, సంక్రాంతో గ్రహణమో. తర్వాత ఇచ్చిన మనిషి ఎవరు, ఎవరి కొడుకు లేక కూతురు, ఏ ఊరు, ఏ పని. తర్వాత ఏమిచ్చారు. చివర "ఆచంద్రార్క", చంద్రుడూ సూర్యుడూ ఉన్నంత కాలం.

ఎక్కువగా ఇచ్చింది అఖండదీపం. దీపం అంటే ఒక ప్రమిద ఇచ్చి వెళ్లిపోవడం కాదు. మాడలు అంటే నాణేలు గుడి భండారంలో కట్టేవాళ్లు, లేదా పశువులు ఇచ్చేవాళ్లు, వాటి మీద వచ్చే ఆదాయంతో రోజూ ఇంత అని నెయ్యో నూనో కొలిచి పోయాలి, దానికి ఎవరు పూచీ అన్నది కూడా రాసేవాళ్లు. అంటే ఒక్కో శాసనం ఒక పూచీపత్రం, సాక్షి దేవుడు, కాగితం రాయి. దానిలో కొలువులోని మనుషులు వాళ్ల ఉద్యోగం పేరుతో సహా నిలబడతారు. రాజు పేరు కోసం మాత్రమే వెతికితే మూడు నాలుగు పేర్లతో అయిపోతుంది, ఇచ్చినవాళ్ల పేర్ల కోసం వెతికితే ఒక ఊరు ఊరంతా లేచి వస్తుంది. ఆడవాళ్ల పేర్లు ప్రత్యేకంగా రాసుకోండి, తమ పేరు మీద తామే దీపం పెట్టిన ఆడవాళ్లు ఇక్కడ ఉన్నారు, ఆ కాలంలో ఆడవాళ్ల చేతిలో సొంత డబ్బు ఉండేదా అని ఎవరైనా అడిగితే చూపించడానికి రాయి ఉంది.

రాగిరేకుల చివర మాత్రం శాపం ఉంటుంది, "స్వదత్తాం పరదత్తాం వా" అని మొదలయ్యే శ్లోకం. తాను ఇచ్చిందైనా ఇంకొకరు ఇచ్చిందైనా దానభూమి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని. దేశమంతా ఇదే శ్లోకం వాడారు, ఒకసారి నేర్చుకుంటే ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

అక్షరాలు కనబడకపోతే వెలుతురు మార్చాలి. నెత్తి మీద ఎండ ఉన్నప్పుడు చెక్కిన గీత చదునుగా అయిపోతుంది, పొద్దున్న తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఎండ ఏటవాలుగా పడితే అదే రాయి మాట్లాడుతుంది. లోపల చీకటి చోట ఇంకో మనిషి ఫోన్ టార్చి రాతికి పక్క నుంచి, దాదాపు ఆనించి పట్టుకోవాలి, మీరు ఎదురుగా నిలబడి ఫ్లాష్ లేకుండా ఫోటో తీయాలి. టార్చి ఎడమ నుంచి ఒకటి కుడి నుంచి ఒకటి తీస్తే ఇంటికొచ్చాక అనుమానం ఉన్న అక్షరం తేలిపోతుంది. మొత్తం శాసనం ఒకటి, తర్వాత నాలుగేసి వరసలు ఒక్కోటి, ఒకదాని మీద ఒకటి కొంచెం వచ్చేలా తీయండి, ముందుగా కాగితం మీద ఏ స్తంభం ఏ వైపు అని రాసి దాన్ని ఒక ఫోటో తీసుకోండి, లేకపోతే ఇంటికెళ్లాక ఏది ఎక్కడిదో తెలీదు. గర్భగుడి దగ్గర కెమెరా ఎత్తే ముందు అర్చకులని అడగండి, వద్దంటే వద్దు.

చేయకూడనివి గట్టిగా చెప్తాను. అక్షరాలు తేలాలని సుద్ద పూయడం, విభూతి రుద్దడం, పసుపు నీళ్లు పోయడం, నూనె రాయడం, నాణెంతో గీయడం, ఏదీ వద్దు. నూనె పట్టిన రాయి దుమ్ము పట్టి అక్షరం పూడిపోతుంది, మళ్లీ రాదు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం కూడా వద్దు, ఆ అచ్చు తీసే పని పురావస్తు శాఖ వాళ్లు తడి కాగితంతో పద్ధతిగా ఎప్పుడో చేసేశారు. మొక్కు పేరుతో స్తంభానికి కుంకుమ బొట్లు పెట్టే చుట్టాలు ఉంటే మెల్లగా చెప్పండి, దేవుడికి దీపం ఇచ్చిన మనిషి పేరు దాని కింద ఉందని చెప్తే మనవాళ్లు వింటారు, చెప్పే తీరులో ఉంటుంది. పొలం గట్టున ముక్కలైన విగ్రహమో రాతిపలకో కనబడితే ఎత్తుకోవద్దు, జరపొద్దు, ఫోటో తీసి గుడి వాళ్లకి చెప్పండి.

భీమేశ్వరుడిని చివర పెట్టుకోండి. మిగతా రెండిటంత నిండుగా లేదు, కానీ మధుకేశ్వరం చూశాక వెళ్తే ఏది పాత పద్ధతో ఏది మారిందో మీ కళ్లే చెప్తాయి. తర్వాత వంశధార గట్టుకి వెళ్లి కాసేపు కూర్చోండి. మహేంద్రగిరిలో పుట్టి మా పర్లాకిమిడి పక్కగా పారే మహేంద్రతనయ వచ్చి ఈ వంశధారలోనే కలుస్తుంది, రాజుల కులదైవం కొండనీ రాజధానినీ కలిపే నీళ్లు ఇవి.

ఆ కొండ కూడా చూస్తేనే కథ పూర్తవుతుంది, అయితే అదే రోజు పెట్టుకోవద్దు. మహేంద్రగిరి మా గజపతి జిల్లాలోనే, 1501 మీటర్ల ఎత్తు, కోయిన్‌పూర్ వైపు నుంచి ఎక్కాలి, పైన యుధిష్ఠిరుడు, భీముడు, కుంతి పేర్లతో మూడు గుళ్లు. కుంతి గుడిలో ఉన్న శివుడినే గోకర్ణేశ్వరుడు అంటారు. భీముడి గుడి పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చి కట్టింది, ముఖలింగం చెక్కుడు పని చూసిన కళ్లతో దాన్ని చూస్తే వేరే లోకంలాగా ఉంటది. యుధిష్ఠిరుడి గుడి దగ్గర చోళుల శాసనం, పులి గుర్తు, చేపల గుర్తు ఉన్నాయి, రాజేంద్ర చోళుడి సేన ఇక్కడిదాకా వచ్చిన ఆనవాలు. తర్వాత చోళుల ఆడపిల్లే గంగరాజుల ఇంటికి కోడలిగా వచ్చింది, ఆ రెండూ కలిపి పిల్లలకి చెప్పండి. వానల్లో పొగమంచుల్లో వెళ్లొద్దు, మంచి జీపు, తెలిసిన డ్రైవరు ఉండాలి, చీకటి పడకముందే దిగాలి. శివరాత్రికి అక్కడా జాతర.

ఇంకా టైం, ఓపిక ఉన్నవాళ్లు శ్రీకాకుళం వైపు అరసవల్లి, శ్రీకూర్మం కలుపుకోవచ్చు. శ్రీకూర్మం స్తంభాల నిండా శాసనాలే, 13వ శతాబ్దంలో కళింగంలో అధికారం చూసిన మధ్వ గురువు నరహరితీర్థులు అక్కడ యోగానంద నరసింహస్వామిని నిలిపిన శాసనం శకం 1203ది, అంటే 1281. ముఖలింగంలో పరమమాహేశ్వరులుగా, అంటే గొప్ప శివభక్తులుగా మొదలైన రాజులు చోడగంగదేవుడి కాలానికి విష్ణువు వైపు తిరగడం, తర్వాత మూడో అనంగభీముడు రాజ్యం జగన్నాథుడిది నేను ఆయన సేవకుడిని అనడం, ఈ మార్పు ముఖలింగం, శ్రీకూర్మం, పూరీ ఈ వరసలో చూస్తే బాగా అర్థమవుతుంది. ఒకేసారి అన్నీ చుట్టేయకండి, ఒక్కో చోట ఒక పూట అయినా ఉండాలి.

మా వైపు పిల్లలు చాలామంది ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లని వదిలేసి వెళ్లకండి. ఒడియా మాత్రమే చదివే పిల్లకి గుమ్మం, గ్రహాలు, దిక్పాలకులు, ఫోటోలు అప్పజెప్పండి, తెలుగు చదివే తాతయ్యకో అమ్మమ్మకో శాసనం ప్రింట్ ఇవ్వండి, ఇంట్లో ఒడియా స్నేహితుల కుటుంబం ఉంటే వాళ్లనీ బండెక్కించండి, రాజు వాళ్లకీ రాజే. ఇద్దరూ ఒకే స్తంభం దగ్గర నిలబడి ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకోవాలి. ఒక నోట్‌బుక్ పెట్టి ఒక్కో పేజీకి ఒక్కో శాసనం, ఏ స్తంభం, సంవత్సరం, రాజు, ఇచ్చిన మనిషి, ఏమిచ్చారు, అయిదే గడులు. మొదటి రోజు రెండు శాసనాలు పూర్తిగా వస్తే చాలు, మిగతావి సంపుటంలో ఉన్నాయి, గుడి అక్కడే ఉంది, మళ్లీ వెళ్లొచ్చు. తిరుగు ప్రయాణంలో హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ చూడాలని పిల్లలు అడుగుతారు, దానికి అరగంట ముందే లెక్కలో పెట్టుకోండి.